ఏ ఊరి గులాబీకి ఆ ఊరి వాసన

గులాబీ వాసన సంగతి అడిగితే తోట పెంచేవాళ్లు ముందు రకం పేరు చెబుతారు. అత్తరు తీసేవాళ్లు మాత్రం ఏ ఊరి పువ్వు, ఏ నెలలో కోశారు, పొద్దెక్కకముందా ఎక్కాకా అని ఎదురు ప్రశ్న వేస్తారు. అసలు అడగాల్సిన ప్రశ్నలు అవేనని నా నమ్మకం. ఒకే వంశపు గులాబీ అయినా నేల, గాలి మారితే వాసన మారిపోతుంది. డమాస్క్ గులాబీని చూస్తే ఈ మాట ఒప్పుకోక తప్పదు.

బల్గేరియాలో బాల్కన్ పర్వతాలకూ స్రెడ్నా గోరా కొండలకూ మధ్య కజన్‌లక్ లోయ ఉంది. అక్కడ డమాస్క్ మే నెలలో, జూన్ మొదట్లో పూస్తుంది. ఆ రోజుల్లో ఉదయాలు చల్లగా, మంచు తడితో ఉంటాయి. రేకుల్లోని తైలం తొందరగా ఎగిరిపోదు. అంత అనువైన చోట కూడా కిలో నూనె తీయాలంటే 3 నుంచి 4 టన్నుల పూలు కావాలి. ఆ నూనెలో ముందుగా ముక్కుకు తగిలేది తేనె తియ్యదనం.

సౌదీ అరేబియాలోని తాయిఫ్ సుమారు 1,800 మీటర్ల ఎత్తున, ఎడారికి దగ్గరలో ఉంటుంది. అక్కడ పగలు ఎండ, రాత్రి చలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోత. పువ్వు డమాస్కే, వాసన మాత్రం ఘాటైనది. కాస్త మసాలా, కాస్త తేయాకు గుర్తుకొస్తాయి. అక్కడ గులాబీ నూనెను తులాల లెక్కన అమ్ముతారు. తాయిఫ్ గులాబీ చుట్టూ అల్లుకున్న ఆచారాలను, పనితనాన్ని 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

మన ఉత్తరాదిలో ఈ పువ్వుకు దొరికేది చాలా చిన్న కాలం. అలీగఢ్, హసాయన్ వైపు పొలాల్లో చలి తగ్గాక పూత మొదలవుతుంది, వడగాడ్పులు రాకముందే అయిపోతుంది. అందుకే తెల్లవారుజామునే పొలంలోకి దిగుతారు. వాసన పదార్థాలు రేకు పైపొర కణాల్లో తయారై అక్కడినుంచే గాలిలో కలుస్తాయి. ఎండ ముదిరేకొద్దీ తైలం తగ్గిపోతుంది. మధ్యాహ్నం కోసిన పువ్వు చూపుకు అలాగే ఉన్నా అత్తరు బట్టీకి పనికిరాదు.

ఆ పూలు చేరేది అత్తరు తీసే కనౌజ్‌కు. అక్కడి పద్ధతి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. డేగ్ అనే రాగి పాత్రలో పూలు, నీళ్లు పోసి మూత అంచును బంకమట్టితో మూసేస్తారు. చోంగా అనే వెదురు గొట్టం ఆవిరిని భప్కా అనే పాత్రలోకి దింపుతుంది. భప్కా నీళ్ల తొట్టిలో ఉంటుంది, అందులో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. కొలిచే పరికరమంటూ ఏదీ ఉండదు. మంట ఎంత ఉండాలో పనివాడు డేగ్‌లో మరిగే చప్పుడు విని తేలుస్తాడు. భప్కా ఎంత నిండిందో తొట్టిలో చేయి పెట్టి, దాని వేడి తడిమి చెబుతాడు. నిండగానే డేగ్ మీద తడిగుడ్డ వేసి ఆవిరి ఆపి, కొత్త భప్కా బిగిస్తాడు. చల్లారాక నీరు అడుగుకు చేరుతుంది. దాన్ని తీసి మళ్లీ డేగ్‌లోనే పోస్తారు.

ఆ నీటిని పారబోయకపోవడంలో గొప్ప తెలివి ఉంది. తాజా గులాబీకి ఆ వాసన రావడంలో ఫినైల్ ఇథనాల్‌ది పెద్ద పాత్ర. అది నీటిలో బాగా కరుగుతుంది, నూనెలోకి చాలా తక్కువే చేరుతుంది. మన పెళ్లిళ్లలో చల్లే పన్నీరు, అది నిజమైనదైతే, ఖరీదైన నూనె కన్నా చెట్టు మీది పువ్వుకు దగ్గరగా అనిపించడానికి కారణం అదే. 2014లో కనౌజ్ పరిమళానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ గంధపు నూనె ధర భరించలేక ద్రవ పారఫిన్‌లో తీస్తున్న సరుకూ అత్తరు పేరుతోనే అమ్ముడవుతోంది. దాన్ని అత్తరు అనడం కనౌజ్ పనివాడికి అన్యాయం చేయడమే.

ఇక మన పెరళ్ల సంగతి. సరైన చలి పడని తెలుగు నేలలో డమాస్క్ బాగా పూయదు. ఆ లోటు తీర్చింది ఎడ్వర్డ్ రోజ్, మనం పన్నీరు గులాబీ అని పిలుచుకునే నాటు రకం. ఇది రీయూనియన్ దీవిలో చైనా గులాబీ, డమాస్క్ కలిసి పుట్టిన బూర్బన్ వంశానిది. ఏడాదిలో చాలాసార్లు పూసే గుణం చైనా వైపు నుంచి, పరిమళం డమాస్క్ వైపు నుంచి వచ్చాయి. పూలదండల్లో వాడే ఆ చిన్న గులాబీ రంగు పువ్వు ఎండాకాలంలోనూ వాసన నిలుపుకుంటుంది. చల్లటి దేశాల కోసం పుట్టిన హైబ్రిడ్ టీ రకాలు మన ఎండల్లో గబగబా విచ్చుకుని, పొద్దు నడినెత్తికి రాకముందే వాసన కోల్పోతాయి. అవే మొక్కలు డిసెంబరు, జనవరిలో నిండుగా పూసి చాలాసేపు గుబాళిస్తాయి.

వాతావరణమే అంతా అని కాదు. 2015లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు గులాబీ వాసనకు కీలకమైన ఒక ఎంజైమును గుర్తించారు. అది పనిచేయని రకాన్ని ఏ కొండ మీద నాటినా ఆ పరిమళం రాదు. అందుకే వేడి నేలల కోసమే కొత్త రకాలను పుట్టించడం అవసరం. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఆ పనినే నెత్తిన వేసుకున్నారు. భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో స్థిరపడి, బెంగాల్ నీటి ఒడ్డున పెరిగే అడవి గులాబీ క్లినోఫిల్లాతోనూ, మణిపూర్ కొండల జైగాంటియాతోనూ సంకరాలు చేశారు. ఈ కృషికి మన ఉద్యానశాఖలు ఇంకా తగినంత విలువ ఇవ్వలేదు.

రెండు రకాల వాసన పోల్చాలంటే పొద్దున్నే, ఒకే వేళకు, సగం విచ్చిన పూలనే చూడాలి. వానలో తడిసిన పువ్వు పనికిరాదు. దోసిట్లో పట్టుకుని మెల్లగా ఊపిరి వదిలి వెచ్చబరిచి, క్షణం ఆగి వాసన చూడాలి. రెండోదానికి వెళ్లేముందు ముక్కుకు కాస్త విరామం ఇవ్వాలి.

నర్సరీకి మధ్యాహ్నం వెళ్లి రంగు చూసి మొక్క కొనకండి. ఉదయాన్నే వెళ్లి, వాసన చూసి కొనండి. కొన్న వాటిలో ఒక్కటైనా పన్నీరు గులాబీ ఉండనివ్వండి.