అలకపాన్పు వాచీ

1989లో నా పెళ్లికి మామగారు పెట్టింది హెచ్ఎంటీ జనతా. అప్పటికే టైటాన్ బజార్లోకి వచ్చేసింది. కీ ఇచ్చే పనిలేదు, చూస్తే నాజూకు. అలకపాన్పు మీద కూర్చుని అదే అడగాలనుకున్నాను. మామగారి మొహం చూశాక నోరు పెగల్లేదు.

ఇప్పుడు అలగకుండానే అడుగుతున్నారు. వచ్చే నెల షష్టిపూర్తి. "నాన్నా, పంచె మీదికీ సూటు మీదికీ పనికొచ్చే స్విస్ వాచీ తెస్తా, ఏదో తేల్చు" అన్నాడు అమెరికాలో ఉన్న మా అబ్బాయి.

చివరికి రెండు మిగిలాయి. రెండూ పలక వాచీలే. ఒకటి కార్టియే ట్యాంక్. మొదటి ప్రపంచ యుద్ధపు ట్యాంకును పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ ఆకారంలో 1917లో లూయీ కార్టియే గీశాడంటారు. రెండోది 1931 నాటి రివర్సో, జెగర్ లకూల్త్ర్ వాళ్లది. మనదేశంలో పోలో ఆడే బ్రిటిష్ దొరలు, ఆటలో వాచీ అద్దాలు పగులుతున్నాయని మొరపెట్టుకున్నారట. దాంతో డయలు లోపలికి తిరిగి, వీపు బయటికొచ్చేట్టు చేసిచ్చారు. అందానికైతే ట్యాంకే. అందులో నాకు అనుమానం లేదు.

కానీ మాది మైపాడు సముద్రపు గాలి తగిలే ఊరు. కిటికీ చువ్వలే తుప్పు పట్టి రాలిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. బీరువాలో తోలు బెల్టు బూజు పట్టకుండా ఉంటే అదృష్టమే. ఇట్లాంటి వాచీల మీద 30 మీటర్లని రాసుంటే, అంత లోతుకు దూకొచ్చని కాదు. చెయ్యి కడిగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే ఓర్చుకుంటుందని, అంతే. లోపలి రబ్బరు వాషరు ముదిరితే ఆ ఓర్పూ ఉండదు.

ఉద్యోగంలో చేరాక ముచ్చట తీరక నేనూ ఒక సెల్లు వాచీ కొన్నాను. పేరెందుకులెండి. పెళ్లిళ్లకని దాచి, తర్వాత మర్చిపోయాను. కొన్నేళ్లకు తీస్తే సెల్లు కారి, లోపలంతా పచ్చగా చిలుము. ట్రంకు రోడ్డు పక్కసందులో వాచీలు బాగుచేసే పెద్దాయన మూత తెరిచి, "ఇది తినేసింది సార్" అన్నాడు. ఆ రోజే నా జనతాను కూడా విప్పాడు. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ వాచీ అది. 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీని మూసేయాలని తేల్చేసింది. అయినా ఆయన చచ్చిపోయిన జనతాల డబ్బాలోంచి ఒక చక్రం ఏరి, కడిగి, నూనె చుక్క వేసి నడిపించాడు.

పండగకో పబ్బానికో పెట్టుకునే వాచీ ఏడాదిలో ఎక్కువ రోజులు బీరువాలోనే ఉంటుంది. కీ వాచీ అయితే ఊరికే ఆగి పడుంటుంది. తీసి కీ ఇస్తే లేస్తుంది. స్టీలు ట్యాంకులు చాలావరకు సెల్లువే, కీ ఇచ్చేది కావాలంటే బంగారానికి పోవాలి. రివర్సో స్టీలులోనే కీతో దొరుకుతుంది. జారే పట్టాల సందుల్లో ఉప్పు చేరుతుందేమో, మెత్తటి గుడ్డతో తుడుచుకుంటాను. రిపేరొస్తే మాత్రం మా పెద్దాయన చాలడు, పెద్ద ఊరు పంపాల్సిందే. అబ్బాయికి రివర్సో అనే చెప్పాను. రోజూ చేతికి మాత్రం జనతాయే.

మీ బీరువాలో ఆగిపోయిన సెల్లు వాచీ ఏదైనా ఉంటే, ఈ ఆదివారమే సెల్లు తీయించేయండి.