వేర్లు ఎవరివి?

అమెరికాలో రూట్స్ రాక్ అని ఒక సంగీతం ఉంది. రూట్స్ అంటే వేర్లు. దక్షిణాది రాష్ట్రాల పత్తిచేలల్లో, చర్చిల్లో, తాగుడు కొట్లలో పెరిగిన బ్లూస్, గాస్పెల్, కంట్రీ బాణీల మీద నిలబడిన రాక్ సంగీతాన్ని అలా పిలుస్తారు. మట్టివాసన ఉన్న సంగీతమని మెచ్చుకుంటారు. మట్టివాసన మన విమర్శకులకూ ఇష్టమైన మాటే. అది వినపడినప్పుడల్లా నాకొక అనుమానం వస్తుంది. మట్టి ఎవరిది? తవ్విందెవరు? వాసన చూసి మెచ్చుకుంటున్నదెవరు?

ఈ ప్రశ్నని ఊరికే అడిగితే లాభం లేదు. ఒక మనిషినీ, అతని జీవితంలో ఒక ఏడాదినీ ముందు పెట్టుకుని అడగాలి. ఆ మనిషి జేసన్ ఇజ్బెల్. 1979లో అలబామా రాష్ట్రంలో, మజిల్ షోల్స్ పట్టణానికి దగ్గర్లో ఉన్న గ్రీన్ హిల్ అనే పల్లెలో పుట్టిన తెల్లజాతి గాయకుడు. 22 ఏళ్లకే, 2001లో, డ్రైవ్ బై ట్రక్కర్స్ అనే బృందంలో చేరాడు. 2007లో బయటికొచ్చాడు. తాగుడు అతన్ని తినేసింది. 2012లో చికిత్సకి వెళ్లి మానేశాడు. 2013 జూన్‌లో 'సౌత్‌ఈస్టర్న్' అనే ఆల్బమ్ తెచ్చాడు. అదే పేరుతో పెట్టుకున్న సొంత లేబుల్ మీద తెచ్చాడు. అందులో పన్నెండు పాటలు. అమెరికా మొత్తం ఆల్బమ్‌ల పట్టికలో 23వ స్థానం దాకా వెళ్లింది. 2014 సెప్టెంబర్‌లో నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో అమెరికానా సంగీత పురస్కారాలు ఇచ్చారు. ఆ ఏటి ఉత్తమ కళాకారుడు, ఉత్తమ ఆల్బమ్, ఉత్తమ గీతం, మూడూ ఇతనికే వచ్చాయి. జూన్ నుంచి మరుసటేడు సెప్టెంబర్ దాకా, ఏడాది చిల్లరలో, అతని బతుకు మారిపోయింది.

సొంత లేబుల్ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. అంతకుముందు ఆల్బమ్‌లు వేరేవాళ్ల లేబుళ్ల మీద వచ్చాయి. ఈసారి పంపిణీ, ప్రచారం థర్టీ టైగర్స్ అనే నాష్‌విల్ సంస్థ చూసింది. పాటల రికార్డింగుల మీద హక్కు కళాకారుడి దగ్గరే ఉంచే పద్ధతి ఆ సంస్థది. అంటే పాట ఎలా ఉండాలో పెద్ద కంపెనీ చెప్పదు. రేడియోకి నచ్చేలా పదును తగ్గించాల్సిన పనిలేదు. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుని, భుజాన సంచీతో సభలకి మోసుకెళ్లే మన రచయితలకి ఈ స్వేచ్ఛ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పాటలూ గొప్పవే. 'ఎలిఫెంట్' కేన్సర్‌తో చనిపోతున్న ఒక స్త్రీ, ఆమె స్నేహితుడి కథ. కళ్లెదుట ఏనుగంత నిజం ఉన్నా దాని మాట ఎత్తకుండా ఇద్దరూ తాగుతారు, నవ్వుతారు, పాడుకుంటారు. ఏడిపించాలనే ప్రయత్నం ఎక్కడా కనపడదు. అందుకే గుండె పట్టేస్తుంది. 'లివ్ ఓక్'లో మారిన హంతకుడొకడు, తన ప్రియురాలు ప్రేమిస్తున్నది మారిన తననా, పాత తననా అని భయపడతాడు. 'యివెట్'లో ఒక కుర్రాడు తండ్రి చేతిలో నలిగిపోతున్న తోటి విద్యార్థిని కోసం తుపాకి పట్టుకుని ఆ ఇంటి కిటికీ వైపు చూస్తుంటాడు. తాగుడు మానినవాడి పశ్చాత్తాపాన్ని ఇంత నిజాయితీగా, ఇంత తక్కువ మాటల్లో పాడినవాళ్లు అరుదు. ఈ మాట మొదటే చెబుతున్నాను. తర్వాత నేననబోయేది ఈ పాటల్ని చిన్నబుచ్చడానికి కాదు.

విమర్శకులు ఈ పాటల్ని మనిషి పాటలన్నారు. పాపం, ప్రేమ, మార్పు అందరివీ కదా అన్నారు. నిజమే. కానీ ఇవి తెల్లవాడి పాటలని ఎవరూ అనలేదు. అలా అనాలని ఎవరికీ తోచలేదు. అదే గిటారు పట్టుకుని అదే దక్షిణాది యాసలో ఒక నల్లజాతి స్త్రీ పాడితే, ముందు ఆమె రంగు చెబుతారు, తర్వాత పాట గురించి మాట్లాడతారు. కేవలం మనిషిగా పాడే వసతి కొందరికి పుట్టుకతోనే వస్తుంది. మిగిలినవాళ్లు గుర్తింపు కార్డు చూపించి లోపలికి రావాలి. 1990ల్లో మన దగ్గర సార్వజనీనత గురించి జరిగిన చర్చ గుర్తున్నవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. అప్పుడూ కొందరు రాసింది సాహిత్యమయింది, కొందరు రాసింది వాదమయింది.

ఇప్పుడు ఇజ్బెల్ పెరిగిన చోటికి వద్దాం. మజిల్ షోల్స్‌లో ఫేమ్ అనే రికార్డింగ్ స్టూడియో ఉంది. 1963లో, అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్ ఇద్దరు నల్లజాతి విద్యార్థుల్ని రానివ్వకుండా విశ్వవిద్యాలయం గుమ్మంలో నిలబడిన రోజుల్లో కూడా, ఆ చుట్టుపక్కల స్టూడియోల్లో నల్లజాతి గాయకుల వెనక తెల్లజాతి కుర్రాళ్లు వాయించేవాళ్లు. ఆ తర్వాత విల్సన్ పికెట్, ఎటా జేమ్స్ అక్కడికొచ్చి పాడారు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ ఒకే ఒక్క రోజు పాడి, గొడవ జరిగి వెళ్లిపోయినా, ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన పాట ఆ రోజుదే. ఆ వాయిద్యగాళ్ల దగ్గరే ఇజ్బెల్ కుర్రతనంలో పాఠాలు నేర్చాడు. పాటలు రాసే ఉద్యోగంలాంటి ఒప్పందం అతనికి మొదట ఇచ్చింది ఫేమ్ సంస్థే.

ఆ స్టూడియో భవనం ఎవరి పాట మీద లేచింది? ఆర్థర్ అలెగ్జాండర్ పాట మీద. ఆ ప్రాంతం వాడే, నల్లజాతి గాయకుడు. 1961లో 'యూ బెటర్ మూవ్ ఆన్' అనే పాట రాసి, పాత పొగాకు గోదాములో నడుస్తున్న స్టూడియోలో పాడాడు. అది దేశమంతా మోగింది. దాని మీద వచ్చిన డబ్బుతో యజమాని రిక్ హాల్ ఇప్పుడున్న ఫేమ్ భవనం కట్టాడు. ఆ పాటని రోలింగ్ స్టోన్స్ పాడారు. అలెగ్జాండర్‌దే ఇంకో పాటని బీటిల్స్ పాడారు. ఇంత చేసిన మనిషి తర్వాత సంగీతం వదిలి, క్లీవ్‌లాండ్ నగరంలో ఒక సేవాకేంద్రం బస్సు నడుపుకుంటూ బతికాడు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ ఒక ఆల్బమ్ చేశాడు. అది వచ్చిన 1993లోనే, జూన్ నెలలో, నాష్‌విల్‌లో చనిపోయాడు. సరిగ్గా ఇరవై ఏళ్లకి, అదే జూన్‌లో, 'సౌత్‌ఈస్టర్న్' వచ్చింది.

ఇది ఇజ్బెల్ చేసిన నేరం కాదు. ఒకరి కష్టాన్ని అతను దోచుకోలేదు. ఆ తెల్లజాతి వాయిద్యగాళ్లూ కూలికి వాయించినవాళ్లే. కానీ స్వతంత్ర కళాకారుడు అనే మాటని మనం గుడ్డిగా వాడకూడదు. కంపెనీ నుంచి స్వతంత్రం రావచ్చు, చరిత్ర నుంచి రాదు. ఒకడు కిందపడితే లేవడానికి ఊరు, స్టూడియో, పేరున్న బృందం, ఎదురుచూసే శ్రోతలు ఉన్నారు. ఇంకొకడు కిందపడితే బస్సు స్టీరింగే మిగిలింది. 'సౌత్‌ఈస్టర్న్' లోని పన్నెండు పాటల్లో ఈ తేడా ప్రస్తావన లేదు. అతనికి తెలియక కాదు. ట్రక్కర్స్ 2001లో తెచ్చిన 'సదరన్ రాక్ ఆపెరా' వాలెస్ గురించీ, దక్షిణాది గర్వం, సిగ్గు గురించీ సూటిగా మాట్లాడిన ఆల్బమే.

ఎక్కినవాడు ఎక్కాక ఏం చేశాడు? 2017లో 'వైట్ మ్యాన్స్ వరల్డ్' పాడాడు. తన రంగుని తానే పేరుపెట్టి పిలిచాడు. ఆధిపత్య వర్గంలో పుట్టినవాడు నాకూ ఒక గుర్తింపు ఉంది, అది నాకు లాభం చేసింది అని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మన దగ్గర ఆ పని చేసిన కవులు ఎందరున్నారో లెక్కపెట్టుకోవచ్చు. అయినా ఆ పాట నన్ను పూర్తిగా ఒప్పించలేదు. అందులో బాధపడేదీ, మేలుకునేదీ, నిలబడేదీ 'నేనే'. బాధితులు అతని మేలుకొలుపుకి నేపథ్యంగా మిగిలారు.

2021లో చేసినవి వేరే రకం పనులు. మోర్గాన్ వాలెన్ అనే కంట్రీ గాయకుడు ఇజ్బెల్ పాట 'కవర్ మీ అప్'ని తన ఆల్బమ్‌లో పాడాడు. వాలెన్ జాతిదూషణ మాట అన్న వీడియో బయటికొచ్చాక కూడా ఆ ఆల్బమ్ బాగా అమ్ముడుపోయింది. తనకొచ్చే రాయల్టీని నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నాష్‌విల్ శాఖకి ఇస్తానని ఇజ్బెల్ ప్రకటించాడు. ఆ అక్టోబర్‌లో రైమన్‌లో ఎనిమిది రాత్రులు కచేరీ పెట్టాడు. ఏడు రాత్రులు తనకంటే ముందు పాడటానికి ఏడుగురు నల్లజాతి గాయనుల్ని పిలిచాడు. బ్రిట్నీ స్పెన్సర్, మిక్కీ గైటన్, అమితిస్ట్ కయా, షెమీకియా కోప్‌లండ్, ఆలిసన్ రసెల్, జాయ్ ఒలడొకన్, అడియా విక్టోరియా.

రైమన్ మామూలు హాలు కాదు. గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ సంగీత రేడియో ప్రదర్శనకి 1943 నుంచి 1974 దాకా అదే ఇల్లు. ఆ ప్రదర్శన తొలినాళ్ల తారల్లో డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి హార్మోనికా కళాకారుడు ఒకడు. 1941లో అతన్ని తీసేశారు. ఆ తర్వాత బూట్లు పాలిష్ చేసి బతికాడు. ఈ చరిత్ర తెలిసినవాళ్లకి ఆ ఏడు రాత్రుల అర్థం తెలుస్తుంది. నాకైతే 'వైట్ మ్యాన్స్ వరల్డ్' కంటే అవి బరువైనవి. అక్కడ అతను తన పశ్చాత్తాపం పాడలేదు, పక్కకి జరిగాడు.

అయినా ఒక మాట మిగిలిపోతుంది. ముందు పాడినవాళ్లు ముందు పాడినవాళ్లే. టిక్కెట్టు మీద పెద్ద అక్షరాల పేరు అతనిదే. ఎవరిని పిలవాలో తేల్చింది అతనే. తలుపు తీసినవాడి మంచితనం మీద ఆధారపడే ప్రవేశం హక్కు కాదు. రేపు అతని బుద్ధి మారినా, అతని తర్వాత వచ్చేవాడు వేరేగా ఆలోచించినా తలుపు మళ్లీ మూసుకుంటుంది. ఆ గాయనులే సొంత లేబుళ్లతో, సొంత పేర్లతో ఎనిమిది రాత్రులు నిండుగా పాడినప్పుడు, వాళ్ల గురించి రాసేవాళ్లు ముందు పాట గురించి రాసినప్పుడు, అప్పుడు మారిందనుకోవాలి.

'సౌత్‌ఈస్టర్న్' వినండి. వినదగ్గది. కానీ దాని కంటే ముందు, ఆర్థర్ అలెగ్జాండర్ 1993లో చేసిన చివరి ఆల్బమ్ 'లోన్లీ జస్ట్ లైక్ మీ' వినండి. తగ్గు స్వరం, తక్కువ మాటలు, ఏడిపించాలని చూడని దుఃఖం. ఇజ్బెల్‌లో మనం మెచ్చుకునే గుణాలన్నీ అక్కడున్నాయి. ఒకదాని వెనక ఒకటి వింటే వేర్లు ఎవరివో చెప్పడానికి నాలాంటి విమర్శకుడి అవసరం ఉండదు.