దీపం వెలిగితే దారి ఉన్నట్టేనా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు, అనకాపల్లి కూడ చేరియున్న ఆనాటి విశాఖపట్టణం జిల్లాలో విద్యుత్తు, టెలిఫోను సౌకర్యాలు స్తంభించిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ తరువాత రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ తన తీగలను చాలవరకు విద్యుత్ స్తంభాలమీదుగానే నడిపింది. కనుక ఒక తీగ తెగితే మరొక దారికి మళ్లే ఏర్పాటు మనకు అత్యవసరము.

1998లో ఆర్.ఎఫ్.సి. 2281 అను పత్రం వివరించిన హెచ్.ఎస్.ఆర్.పి. పద్ధతిలో రెండు యంత్రాలు ఒకే చిరునామాను పంచుకొంటవి. ప్రాధాన్య సంఖ్య ఎక్కువ కలది పనిచేస్తుంది. రెండవది కాచుకొని ఉంటుంది. దీనికి తోడు 'ట్రాకింగు' ఒకటి కలదు: యంత్రం తన ఇంటర్‌ఫేసునో, ఒక రూటునో కనిపెట్టి ఉండి, అది పడిపోతే తన ప్రాధాన్యాన్ని తగ్గించుకొంటుంది. ఊహ చక్కనిదే. దానిని మనము వాడుతున్న తీరుపైనే నా ఆక్షేపణ.

సిస్కో యంత్రాలలో వేరే చెప్పకుంటే ఈ తగ్గింపు 10 మాత్రమే. 120 ప్రాధాన్యం గల యంత్రం తీగ తెగగానే 110కి దిగుతుంది. కాచుకొన్నది 100 దగ్గరే ఉన్నది. పెత్తనం మారదు! 105 ఇచ్చి ఉంటే 95కు దిగేది. లెక్క కుదిరినా చాలదు. కాచుకొన్న యంత్రానికి 'ప్రీఎంప్ట్' అనుమతి మనమే ఇవ్వవలె.

అసలు చిక్కు వేరే ఉన్నది. ఇంటర్‌ఫేసు ట్రాకింగు చూపు గుమ్మం వరకే. మన స్విచ్చికీ పక్కపెట్టెకూ నడుమ తీగ బాగుంటే, శారదానది కవతల తీగ తెగినా ఇక్కడి దీపం పచ్చగానే వెలుగుతుంది. అట్లయితే రూటునే ట్రాక్ చేయమంటారు కొందరు. కాని అది చేతితో వ్రాసిన స్టాటిక్ రూటైతే, ఇంటర్‌ఫేసు లేచి ఉన్నంతసేపూ పట్టికలో కదలక కూర్చుంటుంది. పేరు మారినదే గాని చూపు పెరగలేదు. దూరపు చిరునామాకు మాటిమాటికి పలకరింపు పంపి, దాని జవాబును ట్రాక్ చేయుట మేలు. ఆ పలకరింపు వేరొక దారిన పోయి జవాబు తెచ్చుకొనకుండ, పరీక్షించదలచిన దారికే దానిని కట్టివేయవలె.

గాలికి ఊగే తీగ తెగినట్టే తెగి మళ్లీ కలుస్తుంది. అందుకని పడినప్పుడు 10 సెకండ్లు, లేచినప్పుడు 60 సెకండ్లు ఆగి నమ్మమని యంత్రానికి చెప్పుట నాకు నచ్చిన ఏర్పాటు.

ప్రయోగశాలలో విద్యార్థి స్విచ్చి దగ్గరి తీగనే లాగి, పెత్తనం మారినదని సంతోషిస్తాడు. పక్కపెట్టె కవతలి తీగను లాగించి చూపుడు.