యాకుత్‌పురా గడి

గడచిన ఆదివారము ఉదయము మా సందు చివర, నాలా మీది కల్వర్టు దగ్గర, మెడలో దుర్భిణియు చేతిలో ఫోనును గల యువతి యొకతె నిలువబడి, ఎదుటి పాత ఇంటి పిట్టగోడ మీద బారులుగా కూర్చున్న పావురములను వ్రేలితో లెక్కపెట్టుచుండుట చూచి నాకు కలిగిన చిరాకును ఈ వారము పాఠకులకు పంచిపెట్టక తప్పదు. పావురములట! యాకుత్‌పురాలో పావురములను లెక్కించుటయు, షాదీఖానాలో బిర్యానీ తినువారిని లెక్కించుటయు ఒక్కటే. పూర్తియగులోపల మరియొక పంక్తి దిగును.

ఏమిటమ్మా ఈ పని అంటిని. "పక్షుల అట్లాస్ తాతగారూ! ఊరంతా గళ్లుగా కోశాం. ఈ గడి నాకు పడింది," అన్నది, కన్ను తిప్పకయే. పాపము, కె.బి.ఆర్. పార్కు పడలేదా అంటిని. "అక్కడికి అందరూ వెళ్తారండీ. ఇక్కడికి ఎవరూ రారు, అందుకే అడిగి తీసుకున్నా," అని, మాటలలో లెక్క తప్పిపోవునను భయమున కాబోలు, పెదవి కదుపుచు మరల మొదటినుండి ఆరంభించినది.

హైదరాబాదులో 2025 ఫిబ్రవరిలో ఈ అట్లాసు పని మొదలైన సంగతి పత్రికలలో చదివియే యుంటిని. కేరళమువారు 2015 నుండి 2020 వరకు తమ రాష్ట్రమునంతటిని ఇంచుమించు కిలోమీటరు చదరపు గళ్లుగా విభజించి, వాటిలో ఏరిన గళ్లను వేయిమందికి పైగా ఔత్సాహికులచేత ఇట్లే నింపించిరి. బ్రిటను, ఐర్లండులవారు 1968 మొదలు 1972 వరకు పది కిలోమీటర్ల గళ్లతో తమ దేశముల గూడుకట్టు పక్షుల పటమును గీసి 1976లో గ్రంథముగా వెలువరించిరి. కనుక ఇది క్రొత్త విద్య కాదు, చెడ్డ విద్యయు కాదు. అయినను ఒక దేశపు వన్యజీవజాలమును పరిశీలించుట యనగానే నా మనస్సున మెదలు చిత్రము వేరు. ఆ చిత్రమునకు డేరాలు కావలెను, ఎడ్లబండ్లు కావలెను, అడవి కావలెను.

నా పాఠకులకు ఈ పాత పిచ్చి తెలియనిది కాదు. సందు దొరికిన వారమెల్ల పక్షిశాస్త్రజ్ఞుడగు సలీం అలీని తెచ్చి ఈ పుటలో కూర్చుండబెట్టుచుందునని ఆక్షేపించువారు కొందరు గలరు. కాని ఈ నగరమున నుండి పక్షుల మాట ఎత్తి ఆయనను స్మరింపకుండుట ఎట్లు? బెర్లిను మ్యూజియములో ష్ట్రెసెమన్ పండితుని యొద్ద శిక్షణము పొంది 1930లో స్వదేశమునకు తిరిగి వచ్చిన ఆ మనుష్యునికి, వెళ్లునప్పుడున్న కొలువు వచ్చునప్పటికి లేకపోయెను. అప్పుడాయన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము ద్వారా సంస్థానాధిపతులకు చేసిన ప్రతిపాదన ఎంత సరళమైనదో చూడుడు: నాకు జీతమక్కరలేదు, డేరాల ఖర్చును ప్రయాణపు ఖర్చును భరించినచో మీ రాజ్యములోని పక్షులనెల్ల పరిశీలించి పెట్టుదును. ఆ మాటకు మొదట ఫలితము లభించినది మన నిజాము రాజ్యముననే. 82,698 చదరపు మైళ్ల రాజ్యమది. తెలంగాణమేగాక మరాఠ్వాడాయు, బీదరు, గుల్బర్గా, రాయచూరు జిల్లాలును అందులోనివే. 1931–32లో ఆయన ఆ రాజ్యమున మకాము నుండి మకామునకు సాగుచు తిరిగెను. ఆయన వెంట భార్య తెహమీనా కూడ నుండెను.

నల్లమలలో మన్ననూరు, దానికి పైన ఫరహాబాదు. అక్కడి చెంచుల నడుమ వేసిన మకాములో ఒక్క ఉదయమును ఊహింపుడు. ఎండ పొడుచుటకు ముందే బయలుదేరి, కావలసిన పిట్టను సన్నని రవ్వలు పోసిన తుపాకితో కొట్టి, డేరాకు తెచ్చినవెంటనే చేయవలసిన పని చర్మము ఒలుచుట కాదు, కన్నుల రంగును కాగితము మీద వ్రాసికొనుట. ఏలయన ప్రాణము పోయిన పిమ్మట మొదట మాసిపోవునది అదియే. తరువాత ముక్కు రంగు, కాళ్ల రంగు. అటుపిమ్మట పొట్టపై చిన్న గాటు పెట్టి, ఈకలకు నెత్తురంటకుండ చర్మమును మేజోడువలె తిరుగదీసి, పాషాణము పూసి, దూది కూరి కుట్టి, కాలికొక చీటీ కట్టవలెను. ఆ చీటీమీద ఊరు, తేదీ, ఆడదా మగదా, లోపలి అండములు ఏ స్థితిలో నున్నవి, కడుపులో ఏ పురుగులు ఏ గింజలు దొరికినవి యనునవన్నియు ఉండవలెను. చీటీ లేని పిట్ట ఎంత సుందరమైనదైనను శాస్త్రమునకు గడ్డి బొమ్మతో సమానము. అట్లు సిద్ధపరచిన చర్మములను పరిశీలించి హ్యూ విస్లర్ అను విద్వాంసుడు వ్రాసిన టిప్పణములతో సహా ఆ హైదరాబాదు సర్వే 1933–34లో బొంబాయి సంఘపు పత్రికలో భాగములుగా ప్రకటితమయ్యెను. చచ్చిన పక్షి కొలతలతో తృప్తిపడక, బ్రదికిన పక్షి ఏ చెట్టున ఏ ఋతువున ఏమి తినుచు ఏమి పలుకుచున్నదో వ్రాయుటయందే ఆయన మనస్సంతయు నిలిచియుండెననుట ఆ పుటలు తిరుగవేసినవారికి విశదమే.

ఇక నా రెండవ పిచ్చి. ఈ దేశపు జీవజాలపు పట్టికలన్నిటి వెనుక పేరు లేని ఒక పల్లెవాడు నిలుచుండుననుట. విశాఖపట్టణమున పాముల శాస్త్రము వ్రాసిన పాట్రిక్ రస్సెల్ తన 1796 నాటి గ్రంథమున తెలుగువారు చెప్పిన పేర్లనే ఆంగ్ల లిపిలో దించుకొనెను. వాల్టర్ ఇలియట్ 1859లో మన ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను గుదిగ్రుచ్చి ఒక పుస్తకమే వేసెను. చెప్పినవారెవ్వరో మనలో ఎందరికి తెలియును? అడవికిపోయి చూపించినవాడు చూపించి తన గుడిసెకు పోవును, చూచినవాని పేరు పక్షికి నిలుచును.

దీనికి కలివికోడి కథకంటె మేలైన సాక్ష్యము లేదు. 1848లో శాస్త్రనామము పొంది, 1900 తరువాత ఎవరికిని కానరాక, ఇక లేదనుకొని అందరును ఆశ వదలుకొన్న ఆ పక్షిని 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవి అంచున బొంబాయి సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ మరల లోకమునకు చూపెనని మనము చదువుదుము. నిజమే, కాని రాత్రివేళ దీపపు వెలుగులో దానిని చేతితో పట్టినవాడు అక్కడి పల్లె వేటగాడు. పండితులు ఎనుబదియైదేండ్లు లేదనుకొన్న పిట్టకు ఆ ప్రాంతమువారియొద్ద పేరున్నది. అటుపైని దానిని వెదకిన పద్ధతి గూడ ముచ్చటైనదే. పగలు కనబడదు, రాత్రి పొదలలో తిరుగును. కావున పొదల నడుమ సన్నని మట్టిని పట్టీలుగా పరచి చదును చేసి వచ్చి, తెల్లవారి పోయి మూడు వ్రేళ్ల అడుగుజాడల కొరకు వంగి చూచెదరు. సందెచీకటి పడు వేళ చెవి ఒగ్గి దాని కూతకై కాచుకొందురు. శాస్త్రమనిన ఇట్టిది, సాహసమనిన ఇట్టిది! కల్వర్టు మీద నిలుచుండి పావురములను లెక్కించుట ఏమి శాస్త్రము?

ఈ ధోరణిలోనే ఆ పిల్లకు కొంత ఉపన్యసించితిని. ఓపికతో విన్నది. విని, "మీ సలీం అలీ గారి సర్వేలో యాకుత్‌పురాలో గద్దలెన్ని ఉండేవో ఉందా తాతగారూ?" అని అడిగినది.

ఉండదు. ఉండవలసిన పనియు లేదు. ఒక రాజ్యమున ఏ పక్షి ఉన్నది, ఎక్కడెక్కడ ఉన్నది, ఏ ఋతువున వచ్చిపోవుచున్నది యనునదియే ఆనాటి ప్రశ్న. ఒక గడిలో ఎన్ని యున్నవనునది ఆనాటి ప్రశ్న కాదు. ఒక్క మనుష్యుడు ఒక్కమారు నడచిపోయిన త్రోవ దానికి సమాధానము చెప్పజాలదు. మకాము ఎత్తివేసిన పిమ్మట ఆ చెట్లమీద ఏమి జరిగినదో ఆయన సంచిలో లేదు. కాని ఇప్పుడు మనకు కావలసినది ఆ లెక్కయే.

ఇంటికి వచ్చిన తరువాత నాకు జ్ఞాపకమునకు వచ్చినది కలివికోడి కాదు, రాబందు. మా చిన్నతనమున మూసీ ఒడ్డున పశువు చచ్చినచో రాబందులు గుంపులుగా దిగి, ఒకదాని నొకటి రెక్కలతో తోసికొనుచు, సాయంత్రమునకు ఎముకలు మాత్రము మిగిల్చి లేచిపోవుట మేమెల్లరము చూచినదే. దానిని చూచుటకు ఎవ్వడును దుర్భిణి పట్టుకొని రాలేదు. అంత సామాన్యమైన దానిని ఎవడు లెక్కించును? 1990 దశకములో అవి పోవుచుండగా దేశమున తొలుత రుజువు చూపగలిగినవారు భరత్‌పూరు కేవలాదేవ్ వనములో 1980 దశకమున రాబందు గూళ్లను లెక్కపెట్టి వ్రాసియుంచుకొని, మరల పదేండ్లకు అక్కడనే లెక్కపెట్టినవారు. మన మూసీ ఒడ్డున అట్టి కాగితము లేకపోయెను గనుక, ఏ యేట ఎన్ని తగ్గినవో చెప్పగలవాడు నేటికిని లేడు. మూడు జాతుల రాబందులు నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా నశించిన పిమ్మట, పశువులకు వేయు డైక్లోఫెనాక్ అను నొప్పి మందు కళేబరము ద్వారా వాటి మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో తేలెను. 2006లో మనదేశమున ఆ మందును పశువైద్యమునకు నిషేధించిరి. నేడు యాకుత్‌పురా బాలునికి రాబందును చూపవలెననిన ఆటో కట్టించుకొని బహదూర్‌పురాలోని జూ పార్కునకు పోవలెను; అక్కడ వాటిని పంజరములలో పెంచి సంతతిని నిలుపుటకు యత్నించుచున్నారు.

సామాన్యమైనది సామాన్యముగనే ఉండునను హామీ ఏ పక్షికిని లేదు. దసరానాడు మనము పంజరములోనిదైనను సరే దర్శించి దక్షిణ యిచ్చు పాలపిట్టయే తెలంగాణపు రాష్ట్రపక్షి. (పంజరములోని పాలపిట్టను చూచిన పుణ్యమెట్టిదో ఈ పుటలో పూర్వమే మొరపెట్టుకొంటిని, మరల ఎత్తను.) ముప్పదివేల మంది పక్షిప్రియులు వ్రాసియిచ్చిన మూడుకోట్ల నమోదుల నాధారముగా గొని 942 జాతుల స్థితిని తేల్చిన 2023 నాటి భారత పక్షుల నివేదిక, పాలపిట్ట పండ్రెండేండ్లలో నూటికి ముప్పది పాళ్లు తగ్గినదని తేల్చి, దాని స్థితిని మరల విచారింపవలెనని కోరినది. అందులోనే పావురములు మాత్రము పెరుగుచున్నవని యున్నది. ఈ రెండు మాటలను పుట్టించినది ఏ మహాయాత్రయు కాదు, ఆ పిల్లవంటివారి పదిహేనేసి నిమిషముల జాబితాలు. ఆ ఫోను జాబితా చివర ఒక ప్రశ్న వేయునట: నీవు గుర్తించిన పక్షులన్నిటిని వ్రాసితివా, నచ్చినవి మాత్రము వ్రాసితివా? అన్నియు వ్రాసితినన్ననాడే, వ్రాయని పక్షి కానరాలేదనియు లెక్కకు వచ్చును. పాలపిట్ట తగ్గినదనుటకు పాలపిట్ట లేని జాబితాలు కావలెను. నా డేరాల కథలో ఈ శూన్యమునకు చోటు లేదు.

ఇంతమాత్రమున ఆ పద్ధతికి లోపము లేదనను. మా ఇంటి ప్రక్క మిద్దె మీద పావురములు పెంచు పెద్దమనుష్యుడొకడు గలడు, మా మాటలు విని పైనుండియే కేక వేసెను: "పంతులుగారూ, ఆ బిడ్డకు చెప్పుండ్రి, చలికాలమొస్తే బహరీ వస్తది. అది ఉన్నన్ని రోజులు నా కబూతర్లను లేపనే లేప." పావురములను గాలిలోనే తన్నుకొనిపోవు ఆ డేగను గూర్చి మా వీధిలో ఆయనకు తెలిసినంత మరియొకనికి తెలియదు. ఆ పిల్ల నమస్కరించి, "బాబాయ్, నేను స్వయంగా గమనించిందే రాయాలి, ఒకరు చెప్పింది రాయకూడదు," అన్నది. నియమము సరియైనదే, కాని చలికాలమంతయు ఆకాశము వంక చూచు ఆ కన్నులు ఏ పట్టికకును ఎక్కకపోవుట నాకు నేటికిని మింగుడుపడదు. దానికి విరుగుడొక్కటే: ఆయనయే వ్రాయవలెను.

ప్రతి ఫిబ్రవరిలోను నాలుగు దినములు లోకమంతట పెరటి పక్షుల లెక్క జరుగును. మనదేశము 2013 నుండి అందు పాల్గొనుచున్నది. నియమము చిన్నది: ఎక్కడనైనను కనీసము పదిహేను నిమిషములు నిలుచుండి, గుర్తించిన ప్రతి పక్షి పేరును సంఖ్యను వ్రాయుట. పార్కులవారికి నా సిఫారసు అక్కరలేదు. యాకుత్‌పురా, దబీర్‌పురా, తలాబ్‌కట్టా, రెయిన్‌బజారు పాఠకులను మాత్రము అర్థించుచున్నాను: మీ మిద్దె ఎక్కి లెక్కింపుడు. కాకియైనను గద్దయైనను విడువకుడు. ఫోను చేతకానివారు తేదీ, వేళ, వీధి పేరు వేసి పోస్టుకార్డు మీద ఈ పత్రిక చిరునామాకు పంపినచో, ఆ పిల్లను బ్రతిమాలి మీ మీ పేర్లతోనే ఎక్కింపజేయుదును.