చీకట్లో వెలిగే చిన్న కీబోర్డు – ఒక పరిశీలన

విమర్శ అంటే కథల మీద, కవితల మీద మాత్రమే రాయాలని లేదు, రోజూ వాడే వస్తువు మీద కూడా రాయవచ్చని మా తెలుగు టీచర్ గారు చెప్పారు. అందుకని నేను మా ఇంట్లోని కీబోర్డు మీద రాస్తున్నాను. దాని కంపెనీ పేరు రాయను. ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క కంపెనీది కాదు, ఆ సైజు కీబోర్డుల్లో చాలావాటికి ఉన్నదే.

మామూలు పెద్ద కీబోర్డులో 104 బటన్లుంటాయి. మాది 61 బటన్లది. కుడివైపు అంకెల గుంపు లేదు, పైన ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు ఉండే వరుస లేదు, బాణం గుర్తుల బటన్లు కూడా లేవు. అవి కావాలంటే ఫంక్షన్ బటన్ నొక్కి పట్టుకొని ఇంకో బటన్ నొక్కాలి. ప్రతి బటన్ కింద చిన్న ఎల్‌ఈడీ దీపం ఉంది. అక్షరం ఉన్న చోట ప్లాస్టిక్ గుండా వెలుతురు బయటికి వస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో సగం బటన్లు పడటం లేదని మా అన్న దీన్ని తెచ్చి తగిలించాడు.

మాది సోలాపూర్‌లో ఒకే గది ఇల్లు. నాయన మరమగ్గాల కార్ఖానా నుంచి వచ్చి తిని పడుకుంటాడు. పగలంతా బీడీలు చుట్టిన నాయనమ్మ తొమ్మిదిన్నర కాగానే "లైట్ బంద్ చెయ్యి బిడ్డా, కండ్లు గుంజుతున్నయ్" అంటది. అన్న కాలేజీ పని అయ్యాకే నాకు ల్యాప్‌టాప్ దొరుకుతుంది, అంటే లైటు బంద్ అయ్యాకే. ఈ సంవత్సరం మన పత్రికకు వచ్చిన వ్యాసాలను టైపు చేసే పని మా తరగతిలో నలుగురికి ఇచ్చారు. వాళ్లలో నేనొకదాన్ని. కాబట్టి చీకట్లో తెలుగు టైపు చేయడం నాకు సరదా కాదు, వేరే వేళ లేదు.

మొదట మంచి చెప్తాను. వెలుతురు తగ్గించి పెడితే ఈ కీబోర్డు గదిలో ఎవరినీ ఇబ్బంది పెట్టదు. బటన్ల అంచులు కనిపిస్తాయి కాబట్టి చెయ్యి తీసి మళ్లీ పెట్టినప్పుడు తడుముకోనక్కర్లేదు. చిన్నది కావడం వల్ల ఒళ్లో పెట్టుకోవచ్చు. రంగులు మార్చుకుంటూ అలల్లాగా తిరిగే వెలుగు కూడా ఇచ్చారు. వినాయక చవితి మండపానికి బాగుంటుంది, చదువుకు పనికిరాదు. ఇక చప్పుడు. నాయనకు కార్ఖానాలో మగ్గాల మోత అలవాటు, ఆయన లేవడు. నాయనమ్మ మాత్రం "ఈ రాత్రిపూట ఎవరే ఆకు కత్తిరిస్తున్నరు?" అని లేస్తుంది. చీకట్లో వాడేవాళ్ల కోసం దీపాలు పెట్టినవాళ్లు చప్పుడు సంగతి కూడా చూడాలి కదా. చీకటి ఉన్న చోట సాధారణంగా నిద్రపోయేవాళ్లు కూడా ఉంటారు.

అసలు సంగతి ఇది. వెలిగేవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. నేను టైపు చేసేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో. విండోస్‌లో భాషల జాబితాలో తెలుగు చేర్చుకుంటే అది దొరుకుతుంది. అందులో 'తెలుగు' అని రావాలంటే ఎల్, జడ్, ఎన్, జీ, ఐ, జీ నొక్కాలి. అంటే కళ్ల ముందు వెలుగుతున్న అక్షరానికీ, తెర మీద పడే అక్షరానికీ సంబంధమే లేదు. తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటిస్తే వెలుతురు అడ్డుకుంటాయి, దీపం ఉన్నా లేనట్టే.

దీనికి నేను కంపెనీని పెద్దగా తప్పు పట్టను. ఇన్‌స్క్రిప్ట్‌కు చూపు అంతగా అక్కర్లేదు. అక్షరాల పై రెండు వరుసల్లో ఎడమ చేతి కింద గుణింతపు గుర్తులు, కుడి చేతి కింద హల్లులు ఉంటాయి. 'క' ఉన్న బటన్‌కే షిఫ్ట్ కలిపితే 'ఖ', 'గ'కు కలిపితే 'ఘ'. గుడి ఉన్న బటన్‌కు కొంచెం పైనే గుడిదీర్ఘం. మనం ఒకటో తరగతిలో వల్లె వేసిన వరుసే వేళ్లకు దారి చూపిస్తుంది. ఎఫ్, జే బటన్ల మీద ఉండే చిన్న గీతలు వేలికి తగిలితే చాలు. మరాఠీకి కూడా ఇదే అమరిక. నేను మరాఠీ 'క' నొక్కినా తెలుగు 'క' నొక్కినా వేలు ఒకే చోటికి పోతుంది.

మా అన్న ఒప్పుకోడు. "ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు అదే వస్తది గదా, అవి వెలుగుతనే ఉన్నయ్" అంటాడు. నేర్చుకోవడానికి అది తేలిక, నిజమే. కానీ 'నగరం' అని రాయడానికి ఆ పద్ధతిలో ఏడు అక్షరాలు కొట్టాలి, ఇన్‌స్క్రిప్ట్‌లో నాలుగే. పైగా తెలుగు మాటను ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్‌గా మార్చుకొని ఆలోచించాలి. తెలుగు బడిలో చదివే మనకు అదేం ఖర్మ?

నేను గట్టిగా తప్పు పట్టేది ఒక్క బటన్ విషయంలో. పెద్ద కీబోర్డులో ఒకటి అంకెకు ఎడమ పక్కన ఒక బటన్ ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని ముట్టుకునేవాళ్లు తక్కువ. అందుకే 61 బటన్ల కీబోర్డులో దాన్ని తీసేసి అక్కడ ఎస్కేప్ పెట్టారు. ఇన్‌స్క్రిప్ట్‌లో అదే మన 'ఒ'కు, 'కొ'లోని ఒత్వానికి చోటు. మరాఠీకి, హిందీకి పొట్టి 'ఒ' లేదు కాబట్టి వాళ్లకు ఆ బటన్ పోయినా ఏమీ పోలేదు. మనకో? కొడుకు, పొలం, రొట్టె, కొత్త, మొదలు. ఇవన్నీ రాయాలంటే ప్రతిసారీ ఫంక్షన్ పట్టుకొని ఎస్కేప్ నొక్కాలి. 'ఒక' అన్నప్పుడు షిఫ్ట్ కూడా కలిపి మూడు బటన్లు. 'ఒక' లేకుండా తెలుగులో ఒక పేజీ రాసి చూడండి! ఇంకో వింత కూడా ఉంది. ఫంక్షన్‌తో వచ్చే గుర్తులను బటన్ ముందు గోడ మీద అచ్చు వేశారు, అక్కడికి దీపం వెలుతురు రాదు. అంటే చీకట్లో నిజంగా వెతుక్కోవలసిన గుర్తులకే దీపం లేదు. చూడకుండా కొట్టగలిగే అక్షరాలన్నీ ధగధగలాడుతుంటాయి.

ఇది చిన్న విషయం అని కొందరు అనవచ్చు. నాతోపాటు టైపు చేస్తున్న ఒక స్నేహితురాలికి కూడా ఇలాంటి కీబోర్డే ఉంది. 'ఒ' దగ్గర విసిగిపోయి ఆమె 'కొత్త' బదులు 'కోత్త' అని కొట్టి వదిలేస్తోంది. టీచర్ గారు అది అక్షర దోషం అనుకొని ఎర్ర సిరాతో దిద్దారు. ఆమెకు తెలుగు రాక కాదు, కీబోర్డులో చోటు లేక.

కొనదలచుకున్నవాళ్లకు నా మాట: చిన్న సైజులోనే పైన ఎఫ్ వరుస ఉన్నవి, 84 బటన్ల దాకా ఉండేవి దొరుకుతాయి. వాటిలో ఎస్కేప్ పై వరుసకు పోతుంది కాబట్టి ఒకటి పక్కన ఆ బటన్ మిగులుతుంది. దుకాణంలో రంగురంగుల వెలుగు చూపిస్తే చూడండి. తర్వాత తెలుగు పెట్టమని 'ఒక కొత్త కొబ్బరికాయ' అని కొట్టి చూడండి, చప్పుడు కూడా వినండి.