ఆ పరిశోధనలో మన తల్లి ఉందా?

మా పీజీ విద్యార్థులకు రౌండ్స్‌లో నేను తరచూ చెప్పే సంగతి ఒకటుంది. 1972లో న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో లిగ్గిన్స్, హోవీ అనే ఇద్దరు వైద్యులు 282 మంది గర్భిణులపై చేసిన అధ్యయనం ప్రచురించారు. నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తే, కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయనీ, పుట్టాక ఊపిరాడక చనిపోయే పిల్లలు తగ్గుతారనీ తేలింది. మందు చవక. ఇవ్వడం తేలిక. అయినా అది ప్రసూతి వార్డుల్లో మామూలు వైద్యం కావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. మధ్యలో మరికొన్ని అధ్యయనాలు వచ్చినా, చాలాకాలం వాటన్నిటినీ ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరు. చూశాక అనుమానానికి తావు లేకపోయింది. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం దాన్ని సిఫారసు చేసింది. ఇలా వైద్య అధ్యయనాలను ఒకచోట పెట్టి తూచే కాక్రేన్ సంస్థ చిహ్నంలో కనిపించే అడ్డగీతలు ఆ అధ్యయనాల ఫలితాలే. వాటిని చూసినప్పుడల్లా, ఆ ఆలస్యంలో పోయిన పసిబిడ్డలు గుర్తొచ్చి నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు వెతకడం తేలిక. వైద్య పరిశోధన పత్రాలను వెతికిపెట్టే పబ్‌మెడ్ 1997లో అందరికీ ఉచితమైంది. ఒకప్పుడు లైబ్రరీలో ఇండెక్స్ మెడికస్ సంపుటాలు తిరగేస్తే గాని దొరకని సమాచారం ఇవాళ జిల్లా ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్న పిల్ల డాక్టరు ఫోన్‌లో నిమిషంలో దొరుకుతోంది. వార్డులో ఫోన్ తీయొద్దనే సీనియర్లతో నేను ఏకీభవించను. తెలియనప్పుడు వెతికే డాక్టరే నాకు ముద్దు.

కానీ ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథ 1994తో ముగియలేదు. మన దేశం 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ మొదటి డోసు ఇవ్వవచ్చంది. దాదాపు అదే సమయంలో ఆరు దేశాల్లో, లక్షకు దగ్గరగా ప్రసవాలతో జరిగిన మరో పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మన బెలగావి, నాగ్‌పూర్ ప్రాంతాలూ అందులో ఉన్నాయి. ఊళ్లలో, చిన్న ఆసుపత్రుల్లో ఈ ఇంజెక్షన్ వాడకాన్ని పెంచారు. మరీ చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం మీద ప్రతి 1000 కాన్పులకు 3.5 చొప్పున నవజాత శిశు మరణాలు పెరిగాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. ఇంజెక్షన్ పడిన తల్లుల్లో ఎక్కువమందికి పుట్టింది అసలు చిన్న బిడ్డలే కాదు.

అంటే మందు చెడ్డదా? భారత్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో మళ్లీ పరీక్షించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. ఈసారి స్కానింగ్‌తో నెలలు ఖాయం చేసుకున్నారు, పుట్టిన బిడ్డను చూసుకునే ఏర్పాట్లున్న చోటే ఇచ్చారు. నవజాత శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మందు అదే. మారింది తల్లి, చోటు, చేతులు.

ఇప్పుడు మా వార్డుకొద్దాం. నొప్పులతో వచ్చిన తల్లిని ఆఖరి నెలసరి ఎప్పుడమ్మా అంటే, "సంక్రాంతి అయిన వారానికి సార్" అంటుంది. పాలిథీన్ కవర్లో ఉన్న స్కాన్ ఏడో నెలలో తీసింది. మూడో నెల స్కాన్ ఉంటే లెక్క నమ్మొచ్చు. ఏడో నెలదైతే రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. ముప్పై రెండు వారాలా, ముప్పై ఆరా అన్నది తేలకుండా ఏ వెతుకులాటా అక్కరకు రాదు. ఫోన్‌లో "ముందస్తు కాన్పుకు స్టెరాయిడ్ మంచిదా" అని అడిగితే మంచిదనే వస్తుంది. కొత్తగా వచ్చిన ఏఐ చాట్‌బాట్లయితే ఆ మాటే ఇంకా ధీమాగా చెబుతాయి. ఒక్కోసారి లోకంలో లేని పరిశోధన పత్రాన్నీ ఆధారంగా చూపిస్తాయి. ఆ పత్రం ఉందో లేదో చూడటం ఒక పని. ఉంటే, అందులోని తల్లులు ఎవరు, ఎక్కడ కాన్పయ్యారు, బిడ్డను ఎవరు అందుకున్నారు అని చూడటం అంతకంటే ముఖ్యమైన పని. అవన్నీ సారాంశంలో పూర్తిగా ఉండవు. లోపలి పేజీల్లో పట్టికల్లో ఉంటాయి.

మనం జర్నల్ క్లబ్ అని వారానికో గంట పెడతాం. అక్కడ పత్రంలోని లెక్కల తప్పులు పట్టిన పిల్లలే, మరుసటి ఉదయం వార్డులో సారాంశంలోని చివరి వాక్యం చదివి మందు రాస్తారు. వాళ్లను తప్పుపట్టను. చదువు ఒకచోట, రోగి ఇంకోచోట ఉండేలా మనమే ఏర్పాటు చేశాం. రోగి భద్రత అంటే చేతులు కడగడం, రోగి పేరు సరిచూడటం, సర్జరీ చెక్‌లిస్టు అని నేర్పుతున్నాం. అవి ప్రాణాలు కాపాడే పనులే. వెతకడం, వెతికింది ఈ మంచం మీద ఉన్న మనిషికి వర్తిస్తుందా అని తూచడం కూడా ఆ వరుసలోనే ఉండాలంటాను.

నా కోరిక ఒకటే. పీజీ ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థికి కేస్ షీట్‌తో పాటు ఇంటర్నెట్ కూడా ఇవ్వండి. అరగంట టైమివ్వండి. ఏం దొరికిందని తర్వాత అడగొచ్చు. ముందు ఆ తల్లి నెలల లెక్క ఎలా తేల్చుకున్నావు, దొరికిన పత్రంలో అలాంటి తల్లులు ఎందరున్నారు, ఈ రాత్రి మన నవజాత శిశువుల ప్రత్యేక వార్డు (ఎస్‌ఎన్‌సీయూ)లో మంచం ఖాళీ ఉందా అని అడగండి. మార్కులు వాటికివ్వండి.