వెనక నిలిచినవాడు

గోల్ కొట్టినవాడి పేరు తెల్లారేసరికి దేశమంతా మారుమోగుతుంది. గోల్ పడకుండా ఆపినవాడి కష్టానికి స్కోరుబోర్డులో చోటుండదు. అందుకే నాకు కామెరూన్ ఫుట్‌బాల్ డిఫెండర్ రిగోబర్ట్ సాంగ్ అంటే అంత ఇష్టం. దేశం తరఫున 137 మ్యాచ్‌లు ఆడాడు.

మొదలు బాగాలేదు. 1994 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ మీద రెడ్ కార్డు. అప్పటికి పదిహేడేళ్లవాడు. 1998లో చిలీ మీద మరొకటి. అలాంటి దూకుడు మనిషి చేతికి కెప్టెన్సీ వచ్చింది. 2000 ఆఫ్రికా కప్ ఫైనల్ లాగోస్‌లో, నైజీరియా సొంతగడ్డ మీద. 2-2తో నిలిచి పెనాల్టీలకు వెళ్లింది. గెలిపించే ఆఖరి కిక్ కొట్టింది సాంగే. గోల్స్ ఆపడం తన పనైనవాడు, స్టేడియమంతా తనకు ఎదురై ఉండగా బంతి దగ్గరికి నడిచాడంటే ఎంత గుండె కావాలి! 2002లో మళ్లీ కప్పు కామెరూన్‌దే.

డిఫెండర్ బతుకు ఎంత కఠినమో 2008 ఆఫ్రికా కప్ ఫైనల్ చూస్తే తెలుస్తుంది. ఈజిప్ట్ ఆటగాడు జిదాన్ వెంటబడి సాంగ్ దగ్గర బంతి లాక్కున్నాడు, అతని సహచరుడు అబూత్రికా గోల్ చేశాడు, అంతే, కప్పు పోయింది. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టినా పదకొండోదానితో హీరో అవుతాడు. డిఫెండర్‌కు ఆ వెసులుబాటు లేదు. సాంగ్ మాత్రం మొహం చాటేయలేదు. ఆఫ్రికా కప్‌లు మొత్తం ఎనిమిది ఆడాడు. మొదటి ప్రపంచ కప్ ఆడిన పదహారేళ్లకు, 2010లో దక్షిణాఫ్రికాలోనూ మైదానంలోకి దిగాడు.